ఏ ఓఎస్ వేసుకోవాలి? తెర చూడనివాడి లెక్క

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో నూకలు చెల్లాయి. కావాలంటే ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు తీసుకోండని మైక్రోసాఫ్ట్ పొడిగింపు ఇచ్చింది గానీ, అది వెంటిలేటర్ లాంటిదే. అప్పట్నుంచీ నన్ను ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న. "అన్నా, నా లాప్‌టాప్ విండోస్ 11 తీసుకోనంటోంది. ఏ ఓఎస్ వేయించుకోమంటావ్?" ఇలా అడిగేవాళ్ళంతా నాలాగే స్క్రీన్ రీడర్ మీద బతికేవాళ్ళు.

నాకు చూపు లేదు. యూసుఫ్‌గూడలో ఉంటాను. ప్రోగ్రాములు రాసుకుని బతుకుతాను. ఓఎస్ గొడవల్లో నాకూ గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. కాకపోతే అవి మీరు మామూలుగా వినేవాటికి కాస్త తేడాగా ఉంటాయి. ఒకసారి వివరంగా రాసి పెడితే అడిగినవాళ్ళందరికీ ఇదే చూపించొచ్చు... అదే, వినిపించొచ్చు :)

అసలు ఈ స్క్రీన్ రీడర్ ఏం చేస్తుంది?

తెర మీది బొమ్మని చూసి చదువుతుందని చాలామంది అనుకుంటారు. అది బొమ్మని చూడదు, ప్రోగ్రాముని అడుగుతుంది. "ఇప్పుడు కర్సర్ ఎక్కడుంది? అక్కడున్న దాని పేరేంటి? అది బటనా, టిక్కు పెట్టే గడా, రాసే గడా?" ప్రోగ్రాము జవాబు చెబితే ఆ జవాబుని మాటగా మార్చి వినిపిస్తుంది. చెప్పకపోతే "బటన్... బటన్... బటన్..." అనుకుంటూ పోతుంది. మెట్రోలో తర్వాతి స్టేషన్ పేరు చెప్పకుండా "స్టేషన్... స్టేషన్..." అని మాత్రం చెబితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అమీర్‌పేట వచ్చిందో, మధురానగర్ వచ్చిందో, యూసుఫ్‌గూడ దాటిపోయిందో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాల్సిందే.

ఈ అడగడం, చెప్పడం సాగాలంటే మధ్యలో ఒక వంతెన కావాలి. విండోస్‌లో దాన్ని యూఐ ఆటోమేషన్ అంటారు. లినక్స్‌లో ఏటీ-ఎస్‌పీఐ. మ్యాక్‌కి దాని సొంత వంతెన ఉంది. అంటే ఇక్కడ ముగ్గురి చేతులు కలవాలన్నమాట. వంతెన కట్టే ఓఎస్ వాడు, దాని మీద నడిచే స్క్రీన్ రీడర్ వాడు, అవతలి ఒడ్డున జవాబు చెప్పాల్సిన ప్రోగ్రాము వాడు. ముగ్గురిలో ఏ ఒక్కడు చెయ్యిచ్చినా నాకు వినిపించేది నిశ్శబ్దమే. అందుకని "ఏ ఓఎస్ మంచిది" అన్న ప్రశ్నకి నా దగ్గర నేరుగా జవాబు లేదు. "ఏ ఓఎస్ మీద ఈ ముగ్గురూ సఖ్యంగా ఉన్నారు" అని అడిగితే చెప్పగలను.

మంచిరోజు పరీక్ష, చెడ్డరోజు పరీక్ష

ఓఎస్‌ల మీద రివ్యూలు రాసేవాళ్ళంతా మంచిరోజు లెక్కలు చెబుతారు. ఎంత తొందరగా బూట్ అయింది, ఎంత అందంగా ఉంది, బ్యాటరీ ఎన్ని గంటలు వచ్చింది వగైరా. నేను లెక్కేసేది చెడ్డరోజుని.

రాత్రి పదకొండున్నర. ఏదో అప్‌డేట్ వచ్చింది, రీస్టార్ట్ అయింది. ఫ్యాన్ తిరుగుతోంది గానీ మాట రావడం లేదు. పక్కన ఎవరూ లేరు. పొద్దున్నే ఇంటర్వ్యూ. చూపున్నవాడికి సౌండ్ పోతే పాటలు ఆగిపోతాయంతే. నాకు సౌండ్ పోతే మానిటరు, మౌసు, డాక్యుమెంట్లు, ఇంటర్వ్యూ లింకు, అన్నీ ఒకేసారి పోయినట్టే. ఆ సమయంలో ఎవరి తలుపూ తట్టకుండా నేనొక్కణ్ణే దాన్ని మళ్ళీ మాట్లాడించగలనా? నా దృష్టిలో ఓఎస్ ఎంపికలో మొదటి ప్రశ్న ఇదే. మాట పోయినప్పుడు తిరిగి తెప్పించడానికి రెండో గొంతు ఉండాలి.

ఈ పరీక్ష పెట్టి చూడండి, వరస మారిపోతుంది.

విండోస్‌లో మూడు గొంతులున్నాయి. విండోస్ 2000 నాటి నుంచీ కూడా వస్తున్న నేరేటర్ ఒకటి. బయటి నుంచి తెచ్చుకునే జాస్, ఎన్‌వీడీఏ ఇంకో రెండు. ఎన్‌వీడీఏ మూగబోతే కంట్రోల్, విండోస్, ఎంటర్ మూడూ కలిపి నొక్కుతాను, నేరేటర్ లేస్తుంది. దాని సాయంతో తప్పెక్కడుందో చూసుకుని, కంట్రోల్, ఆల్ట్, ఎన్ నొక్కి ఎన్‌వీడీఏని మళ్ళీ లేపుతాను. నేరేటర్ తొలిరోజుల్లో పేరుకే ఉండేది. ఈ పదేళ్ళలో మాత్రం బాగా పుంజుకుంది. విండోస్ ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడు కూడా అదే మూడు మీటలతో పలుకుతుంది.

మ్యాక్‌లో గొంతు ఒకటే, వాయిస్‌ఓవర్. 2005లో టైగర్‌తో వచ్చింది. పూర్తిస్థాయి స్క్రీన్ రీడర్‌ని ఓఎస్‌లోనే పెట్టి, పైసా అదనంగా అడక్కుండా ఇవ్వడం అప్పట్లో చాలా పెద్ద విషయం. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అందులో ఏదైనా తప్పుంటే ఆపిల్ వాడు ఎప్పుడు సరిచేస్తే అప్పుడే. ఆ లోపల వేరే రీడర్‌కి మారదామంటే దారి లేదు. పైగా ధర సంగతి మీకు తెలిసిందే.

లినక్స్‌లో డెస్క్‌టాప్ మీద ఓర్కా ఉంది. అది పడిపోతే అక్షరాల కన్సోల్‌లోకి దిగొచ్చు, అక్కడ స్పీకప్ పలుకుతుంది. స్పీకప్ ఏకంగా కెర్నెల్‌లోనే ఉంది! అంటే ఇక్కడా రెండో గొంతు ఉన్నట్టే. కాకపోతే కమాండ్లు వచ్చినవాడికే అది గొంతు. నాకు సరిపోతుంది. బ్యాంకు క్లర్కు పరీక్షకి చదువుతున్న పిల్లవాడికి సరిపోదు.

మేము విండోస్‌కి ఎలా కట్టుబడ్డాం?

ఇదేదో మైక్రోసాఫ్ట్ భక్తి అనుకునేరు. కాస్త వెనక్కి వెళ్ళాలి.

జాస్‌ని తయారుచేసింది టెడ్ హెంటర్. మోటార్‌సైకిల్ రేసుల్లో పాల్గొన్న మనిషి. 1978లో కారు ప్రమాదంలో చూపు పోయింది. 1989లో డాస్ కోసం జాస్ తెచ్చాడు, తర్వాత 1995లో విండోస్‌కి వచ్చింది. అద్భుతమైన సాఫ్ట్‌వేర్, కాదనను. కానీ 2000ల్లో దాని ధర వెయ్యి డాలర్ల దరిదాపుల్లో ఉండేది. కంప్యూటర్ కంటే దాన్ని చదివేవాడి ఖరీదు ఎక్కువన్నమాట! కొనలేనివాళ్ళకి ఉచితంగా దొరికేది నలభై నిమిషాల జాస్. నలభై నిమిషాలు పలుకుతుంది, తర్వాత ఆగిపోతుంది. మళ్ళీ కావాలంటే కంప్యూటర్ మొత్తం రీస్టార్ట్ చేసుకోవాలి. ఒక తరం మొత్తం నలభై నిమిషాల ముక్కల్లో కంప్యూటర్ నేర్చుకుంది. మిగతావాళ్ళు ఏం చేశారో, ఆ సీడీలు ఎక్కడ దొరికేవో నేను చెప్పక్కర్లేదు.

2006లో మైకేల్ కరన్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు దీని మీద పని మొదలుపెట్టాడు. అతనికీ చూపు లేదు. చూపున్నవాడు కంప్యూటర్ కొంటే మానిటర్ దానితోనే వస్తుంది, మరి నేను మాత్రం ఇంత డబ్బు ఎందుకు పోయాలి అన్నది అతని లెక్క. అలా పుట్టింది ఎన్‌వీడీఏ. తర్వాత జేమ్స్ టే కలిశాడు, అతనికీ చూపు లేదు. ఇద్దరూ కలిసి 2007లో ఎన్‌వీ యాక్సెస్ సంస్థ పెట్టారు. ఎన్‌వీడీఏ ఉచితం, పైగా జీపీఎల్ కింద దాని సోర్సు అందరిదీ. ఇంకో గొప్ప సంగతేంటంటే, ఇన్‌స్టాల్ చెయ్యకుండానే పెన్ డ్రైవ్ నుంచి నడుస్తుంది. ఏ ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళినా గొంతుని జేబులో వేసుకుని వెళ్ళొచ్చు. మన ఊళ్ళో లాప్‌టాప్ లేనివాళ్ళకి దీని విలువ ఏంటో నేను వేరే చెప్పక్కర్లేదు.

వెబ్‌ఎయిమ్ వాళ్ళు 2023 డిసెంబరు, 2024 జనవరిల్లో చేసిన సర్వేలో, ప్రధానంగా ఏ స్క్రీన్ రీడర్ వాడతారంటే 40.5 శాతం మంది జాస్ అన్నారు, 37.7 శాతం మంది ఎన్‌వీడీఏ అన్నారు. రెండూ కలిపితే 78 శాతం. రెండూ నడిచేది విండోస్ మీదే. అంటే మాలో ఎక్కువమంది ముందు గొంతుని ఎంచుకున్నాం, ఓఎస్ దాని వెంట వచ్చింది.

ఫ్రీ సాఫ్ట్‌వేర్ మిత్రులకి

ఇక్కడ కొందరికి కోపం వస్తుందని తెలుసు. హైదరాబాదులో స్వేచ్ఛ వాళ్ళు లినక్స్‌ని తెలుగులోకి తేవడానికి ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు. నేను రోజూ డెబియన్ సర్వర్ల మీదే పని చేస్తాను. డెబియన్ ఇన్‌స్టాలర్ బూట్ మెనూ రాగానే బీప్ కొడుతుంది. అప్పుడు ఎస్ నొక్కి ఎంటర్ కొడితే మొదటి ప్రశ్న నుంచీ చదువుతూ పోతుంది. ఎవరో ఒకరు మమ్మల్ని తలుచుకుని ఆ బీప్ పెట్టారు చూడండి, అది విన్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

చూపులేనివాళ్ళ కంప్యూటింగ్‌లో మన దేశం పేరు మొదట వినిపించింది కూడా ఈ వైపే. పుణే నుంచి వెళ్ళిన టి.వి. రామన్, స్వయంగా చూపులేని శాస్త్రవేత్త, 1995లోనే ఈమాక్స్‌స్పీక్ విడుదల చేశారు. తెర మీది అక్షరాల్ని వల్లించడంతో ఆగకుండా, ఏది శీర్షిక, ఏది కోడ్ అన్నది గొంతు మార్పుతో తెలిసేలా చేశారు.

కానీ డెస్క్‌టాప్ లినక్స్ కథ వేరే. ఓర్కా సన్ మైక్రోసిస్టమ్స్‌లో పెరిగి, 2006లో గ్నోమ్ 2.16తో అందరి చేతికీ వచ్చింది. తర్వాత ఒరాకిల్ సన్‌ని కొనేసింది. 2010లో ఆ యాక్సెసిబిలిటీ బృందంలో కోతలు పడ్డాయి. ఆపైన ఓర్కా బరువంతా దాదాపు జోన్‌మరీ డిగ్స్ అనే ఒక్కావిడ భుజాల మీదే పడింది. లక్షల కంప్యూటర్ల మీద నడిచే డెస్క్‌టాప్‌కి గొంతు, వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే మనుషుల ఓపిక మీద ఆధారపడి ఉందంటే భయం వెయ్యదా?

ఈలోగా వేలాండ్ వచ్చింది. పాత ఎక్స్ పద్ధతిలో ఏ ప్రోగ్రామైనా ఏ మీట నొక్కినా వినగలిగేది. భద్రతకి అది మంచిది కాదని వేలాండ్‌లో ఆపేశారు. సబబే. కానీ అన్ని చోట్లా మీటలు వినాల్సిన ప్రోగ్రాము ఒకటుంది, అదే స్క్రీన్ రీడర్. "చదవడం ఆపు", "ఈ లైను మళ్ళీ చదువు" లాంటి ఆజ్ఞలన్నీ మీటలే కదా. వేలాండ్ పని మొదలైంది 2008లో. ఓర్కా మీటలు గ్నోమ్ వేలాండ్‌లో కుదురుగా పనిచెయ్యడానికి 2025 మార్చిలో గ్నోమ్ 48 రావాల్సి వచ్చింది. మా మీద ఎవరికీ పగ లేదు. గీతలు గీసేటప్పుడు ఆ బల్ల దగ్గర మేము లేము, అంతే సంగతి.

సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛల్లో మొట్టమొదటిది, ప్రోగ్రాముని ఏ పనికైనా నడుపుకునే స్వేచ్ఛ. నాకు వినపడని ప్రోగ్రాము సోర్సు ఎంత తెరిచి ఉన్నా ఆ స్వేచ్ఛ నాకు దక్కలేదు. మూసి ఉన్న విండోస్ మీద నడిచే ఎన్‌వీడీఏ మాత్రం నాకు ఆ స్వేచ్ఛ ఇచ్చింది. విచిత్రంగా ఉంది కదూ? కానీ మా జీవితాల్లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ సాధించిన అతిపెద్ద విజయం లినక్స్ కాదు, ఎన్‌వీడీఏ. ఈ మాట మీరు ఒప్పుకుంటే మిగతా విషయాలు తీరిగ్గా వాదించుకోవచ్చు.

విండోస్ కూడా మూగబోయే చోటు

అలాగని విండోస్ వాళ్ళని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి పైన ఉండాలి. కొన్ని లాప్‌టాపుల్లో టీపీఎం ఉంటుంది గానీ ఆపేసి ఉంటుంది. దాన్ని బయాస్‌లోకి వెళ్ళి ఆన్ చెయ్యాలి. మరి బయాస్‌లో స్క్రీన్ రీడర్ ఉంటుందా? ఉండదు. విండోస్, లినక్స్ ఏదైనా సరే, ఓఎస్ లేవకముందే వచ్చే ఆ తెర మాకు గోడే. భద్రత పేరుతో పెట్టిన తాళానికి చెవి ఉంది, అది చీకటి గదిలో ఉంది. అలాంటప్పుడు ఫోన్‌లో బి మై ఐస్ తెరిచి, కెమెరా అటు తిప్పి, ఎక్కడో ఉన్న ఒక అపరిచితుడి చేత చదివించుకోవడమే. సాయం చేసేవాళ్ళు ఉండటం అదృష్టమే. అయినా నా యంత్రంలో ఒక స్విచ్ నొక్కడానికి నాకు ఇంకొకరి కళ్ళు ఎందుకు కావాలి?

అమీర్‌పేట వైపు రిపేరు షాపులకి వెళ్ళేవాళ్ళకి ఒక జాగ్రత్త. పాత లాప్‌టాప్‌కి విండోస్ 11 "సెట్ చేసేస్తాం సార్" అంటారు. ఆ సెట్ చెయ్యడంలో రెండు రకాలు. మొదటిది, టీపీఎం తనిఖీని దాటవేసి ఎక్కించడం. ఇవ్వాళ నడుస్తుంది, ముందు ముందు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. రెండోది, తేలిగ్గా ఉండాలని కోతలు కోసిన విండోస్ ఎక్కించడం. వాటిల్లో అనవసరం అనుకుని స్పీచ్ భాగాలు కూడా తీసేసి ఉండొచ్చు. అది షాపువాడికి తెలియదు, ఎందుకంటే అతనికి వాటితో పని లేదు. డబ్బులిచ్చే ముందు అక్కడే కౌంటర్ మీద కంట్రోల్, విండోస్, ఎంటర్ నొక్కండి. పలికితేనే పర్సు తియ్యండి.

మరి తెలుగో?

ఇంగ్లీషు చదివే గొంతులు కోకొల్లలు. తెలుగుకి వస్తే వేళ్ళ మీద లెక్క. ఎన్‌వీడీఏతో పాటే వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ తెలుగు చదువుతుంది. రేకు డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టు ఉంటుంది గానీ చదువుతుంది, చాలా వేగంగా కూడా. లినక్స్‌లో ఓర్కాకీ అదే దిక్కు. ఐఐటీ మద్రాస్ ముందుండి, మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ లాంటి సంస్థలు చేతులు కలిపి, కేంద్రం డబ్బుతో భారతీయ భాషల గొంతులు తయారుచేశారు. వాటిని ఎన్‌వీడీఏకీ ఓర్కాకీ జోడించే పని కూడా జరిగింది. ఆపిల్ 2022లో వాయిస్‌ఓవర్‌కి తెలుగు చేర్చింది. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్‌కి గూగుల్ తెలుగు గొంతు ఉంది. అందుకే ఇప్పుడు చాలామంది పిల్లలకి మొదటి కంప్యూటర్ ఫోనే.

అయితే తెలుగు విషయంలో ఓఎస్ ఎంపిక చేసేది సగం పనే. మిగతా సగం రాసేవాళ్ళ చేతుల్లో ఉంది. అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలు ఏ ఓఎస్‌లో తెరిచినా మాకు వినపడేది తెలుగు కాదు, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. ఎందుకంటే లోపల ఉన్నవి అవే, పైన తొడుగు మాత్రమే తెలుగు. పత్రికల సైట్లు సొంత ఫాంట్లు వాడిన రోజుల్లో వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ పొడిగింత వాడుకునేవాళ్ళం, గుర్తుందా? సైట్లు చాలావరకు మారాయి. డీటీపీ సెంటర్లు మారలేదు. ఇక సర్కారు ఉత్తర్వుని ముద్రించి, సంతకం పెట్టి, స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెడితే అది మాకు ఒక బొమ్మ. మైక్రోసాఫ్ట్‌ని తిట్టినా లినస్‌ని తిట్టినా అది పలకదు.

అడగడానికి మనిషి

లెక్కలో ఇంకొకటుంది, ఎవరూ రాయనిది. ఇరుక్కుంటే అడగడానికి ఎవరున్నారు? మా ఇంటికి అటు బేగంపేటలో దేవనార్ అంధుల పాఠశాల ఉంది, ఇటు బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పునరావాస కేంద్రం ఉంది. ఊళ్ళో స్క్రీన్ రీడర్‌తో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్ళలో నాకు తెలిసినవాళ్ళంతా విండోస్ మీదే నేర్చుకున్నారు. అర్ధరాత్రి ఫోన్ చేస్తే "ఆల్ట్ నొక్కు, రెండుసార్లు కింది బాణం, ఎంటర్" అని మీట మీటా చెప్పగలిగే స్నేహితుడు విండోస్‌కి పదిమంది దొరుకుతారు. ఓర్కాకి ఒకరు దొరికితే గొప్ప.

మామూలు కోచింగ్ సెంటర్ల సంగతి చెప్పక్కర్లేదు. మైత్రీవనం దగ్గర ఏ మేడ ఎక్కినా పాఠం "ఇక్కడ క్లిక్ చెయ్యండి, తర్వాత ఇదిగో ఇక్కడ" అనే ఉంటుంది. ఎక్కడ? ఆ "ఇక్కడ"ని మెనూ పేరుతో చెప్పమని అడిగితే సార్ కాసేపు ఆగి, తనకి కూడా ఆ పేరు తెలియదని గమనిస్తాడు :)

సరే, నా తీర్పు

చదువుకునేవాళ్ళు, బ్యాంకు, ప్రభుత్వ ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు విండోస్ 11, ఎన్‌వీడీఏ. రెండో మాట లేదు. రేపు ఆఫీసులో ఎదురయ్యేవి వర్డు, ఎక్సెల్, ఇవి అక్కడే బాగా పలుకుతాయి. లాప్‌టాప్ విండోస్ 11కి సరిపోకపోతే దొంగదారిలో ఎక్కించే బదులు ఎనిమిదో తరం దాటిన సెకండ్ హ్యాండ్‌ది చూసుకోండి.

ప్రోగ్రాములు రాసేవాళ్ళు కూడా పైన విండోస్ పెట్టుకుని, లోపల డబ్ల్యూఎస్ఎల్‌లో లినక్స్ నడుపుకోండి. కమాండ్ల లోకం అంతా అక్షరాలే కాబట్టి ఎన్‌వీడీఏకి ఇబ్బంది ఉండదు. వీలుంటే ఒక పక్క డెబియన్ కూడా వేసుకోండి, ఓర్కాతో తిరగండి, తప్పులు దొరికితే బగ్గులు రాయండి. వాడేవాళ్ళు లేకపోతే అది ఎప్పటికీ బాగుపడదు. కానీ రేపటి ఇంటర్వ్యూని దాని మీద పెట్టకండి.

మ్యాక్ ఆఫీసువాళ్ళు ఇస్తే సంతోషంగా తీసుకోండి, ఐఫోన్ యాప్‌లు రాయాలంటే అది లేకుండా కుదరదు. అప్పు చేసి మాత్రం కొనకండి.

ఎవరైనా సరే, ఎన్‌వీడీఏ పోర్టబుల్ కాపీ ఉన్న పెన్ డ్రైవ్ ఒకటి తాళాల గుత్తికి తగిలించుకోండి. మీ రెండో గొంతు అక్కడుండాలి.

చూపున్న ఇంజనీర్లకి ఒక మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. ఐఎస్ 17802 అనే ప్రమాణం ఉంది. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో, మన నల్సార్ వాళ్ళ నివేదికని ముందు పెట్టుకునే, అందుబాటు నియమాలు తప్పనిసరిగా ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఏప్రిల్‌లో డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనంది. ఇవన్నీ మంచివే. అయితే తీర్పు వచ్చి నా బటన్‌కి పేరు పెట్టదు. పెట్టాల్సింది మీరు. పొద్దున్నే యూసుఫ్‌గూడ స్టేషన్‌లో నాతో పాటే మెట్రో ఎక్కి హైటెక్ సిటీలో దిగుతారు కదా, ఆ బటన్లు రాసేది మీలోనే ఎవరో ఒకరు. ఇవాళ ఆఫీసులో ఎన్‌వీడీఏ దించుకోండి, మౌస్ పీకెయ్యండి, మానిటర్ ఆపెయ్యండి, మీరు రాసిన ప్రోగ్రాముని మీరే పావుగంట వాడి చూడండి. దానికి పైసా ఖర్చు లేదు. అప్పుడు "ఏ ఓఎస్ మంచిది" అన్న ప్రశ్న మా ఒక్కళ్ళదే కాదని మీకే తెలుస్తుంది.